రాజక్క తల మీద పదివేలు

ఒక మనిషిని పట్టిచ్చినవారికి పదివేల రూపాయలు ఇనాం. డెబ్బై అయిదేళ్లకు పైబడిన మాట ఇది. తెలంగాణ పల్లెల్లో ఈ సంగతి చాటించారు. అప్పుడు తులం బంగారం వంద రూపాయలకు అటు ఇటుగా ఉండేది. పదివేలంటే దగ్గర దగ్గర వంద తులాల బంగారం అన్నట్టు. కూలి చేసుకునే కుటుంబం తరతరాలు కష్టపడ్డా అంత సొమ్ము కంట చూడదు.

ఇంత ధర పలికిన మనిషి గజదొంగ కాదు. ఇరవై ఏళ్లు కూడా సరిగా నిండని ఆడపిల్ల. అడవి పల్లెల్లో ఆమెను రాజక్క అనేవారు. అసలు పేరు స్వరాజ్యం. తర్వాతి రోజుల్లో మల్లు స్వరాజ్యం అంటే తెలియనివారు లేరు.

ఆమె చేతిలో తుపాకి ఉండేది. ఆమె వెంట దళం ఉండేది. ఆ దళానికి ఆమే నాయకురాలు.

సైన్యాన్ని నడిపే మనిషి అంటే కండ్ల ముందు ఏం కనిపిస్తుంది? భుజాల మీద బిళ్లలు. గుండెల మీద పతకాలు. ఒత్తయిన మీసాలు. రాజక్కకు ఇవేవీ లేవు. ఏ సైనిక బడిలోనూ ఆమె చదువలేదు. మరి దళనాయకురాలు ఎట్ల అయింది? అసలు దళాన్ని నడపడం అంటే ఏం పని?

బెజ్జంకి చుట్టుపక్కల

ముందు బెజ్జంకి సంగతి చూద్దాం. బెజ్జంకి అనగానే గుట్ట మీది లక్ష్మీనరసింహస్వామి గుర్తుకొస్తాడు. 2016 దాకా ఈ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండె. ఇప్పుడు సిద్దిపేట జిల్లా. జిల్లా పేరు మారింది గాని గుట్టలు, బాటలు అవే. నిజాం రాజు మీద పోరాటం నడిచినప్పుడు దళాలు ఈ బాటల్లోనే తిరిగాయి.

బెజ్జంకి పక్కనే ఇల్లంతకుంట మండలం. అందులో గాలిపెల్లి అనే ఊరు. బద్దం ఎల్లారెడ్డి పుట్టింది అక్కడే. 1947 సెప్టెంబర్ 11న ముగ్గురు నాయకులు కలిసి ఒక పిలుపు ఇచ్చారు. నిజాం మీద ఆయుధం పట్టండి అని ఆ పిలుపు. ఆ ముగ్గురిలో రావి నారాయణరెడ్డి ఒకరు. మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు. మూడో మనిషి ఈ గాలిపెల్లి ఎల్లారెడ్డి.

ఇంకోపక్క తిమ్మాపూర్ మండలం, పోలంపల్లి. అది అనభేరి ప్రభాకర్‌రావు ఊరు. ఉన్నవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. కడుపులో చల్ల కదలకుండ బతుకవచ్చు. అయినా ఇల్లు వదిలి దళం కట్టాడు. ఆయన దళం ఊరూరా తిరిగింది. పటేల్, పట్వారీల దగ్గర ఉన్న కాగితాలు బయటికి తీసి కాలబెట్టింది.

తుపాకులు పట్టుకొని పోయి కాగితాలు కాలబెట్టుడేంది అనిపించవచ్చు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలె.

ఆ రోజుల్లో పల్లెల్లో అక్షరం వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్క. పట్వారీకి వచ్చు. దొరకు వచ్చు. సేటుకు వచ్చు. ఆకలికి రెండు కుంచాల వడ్లు అప్పు తెచ్చుకున్నవాడికి రాదు. కాగితం మీద రెండు అని రాశారో ఇరవై అని రాశారో వాడికి తెలియదు. వేలు ముద్ర వేసేవాడు. ఆ ముద్ర కింద తన భూమి పోయేది. కొడుకు జీతగాడయ్యేవాడు. తాత చేసిన అప్పుకు మనుమడు పాలేరు పని చేసేవాడు. కట్టిన అప్పు తీరిందని ఎవరూ చెప్పరు. ఎందుకంటే తీరినట్టు రాసి ఉండదు.

అందుకే దళాలు ముందుగా కాగితాల మీద పడ్డాయి. గడిలో ఉన్న తుపాకి కన్న గడిలో ఉన్న ఆ కట్ట ఎక్కువ మందిని తొక్కి పెట్టింది. చదువు రానివాళ్లు ఆ కాగితాలను చదవలేకపోయారు. కాలబెట్టగలిగారు.

1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో నిజాం పోలీసులు ప్రభాకర్‌రావు దళాన్ని చుట్టుముట్టారు. ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, ఇంకా కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు.

ఇట్లాంటి మగవాళ్ల పేర్లు నిలిచాయి. కొందరికి కూడళ్లలో విగ్రహాలు లేచాయి. ఆడవాళ్ల పేర్లు అంతగా వినబడవు. గాని దళాల్లో ఆడవాళ్లు ఉన్నారు. తుపాకి పట్టినవాళ్లు ఉన్నారు. భువనగిరి పక్కన ఆరుట్ల కమలాదేవి ఉంది. సూర్యాపేట పక్కన స్వరాజ్యం ఉంది. ఇక స్వరాజ్యం కథలోకి పోదాం.

బియ్యం పెట్టిన పిల్ల

స్వరాజ్యం 1931లో పుట్టింది. ఊరు కర్విరాల కొత్తగూడెం. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డి. తల్లి చొక్కమ్మ. భూములున్న ఇల్లు. గుమ్మం దాటితే పరువు పోతదనుకునే ఇండ్లు అవి.

ఆ గుమ్మం బయట ఏం జరిగేది? వెట్టి జరిగేది. వెట్టి అంటే కూలి లేని చాకిరి. కుమ్మరి దొరకు కుండలు ఊరికే ఇవ్వాలె. చాకలి బట్టలు ఊరికే ఉతకాలె. చెప్పులు కుట్టేవాడు చెప్పులు ఊరికే కుట్టాలె. దొర పొలం తడిసినంకనే రైతు పొలానికి నీళ్లు. బాలింత అయినా సరే, పిలుపు వస్తే పసిబిడ్డను వదిలి గడికి పోవాలె. దొర బిడ్డ పెండ్లి చేసుకొని అత్తగారింటికి పోతే ఆమె వెంట పేదింటి ఆడపిల్లలను కూడా పంపేవారు. గొడ్డును పంపినట్టు. వాళ్లను ఆడబాపలు అన్నారు. వాళ్ల బతుకు ఆ గడిలోనే తెల్లారేది.

దీని మీద ఆంధ్ర మహాసభ లేచింది. జనం దాన్ని సంఘం అన్నారు. వెట్టి చేయొద్దు, కూలి ఇవ్వందే పని చేయొద్దు అని సంఘం ఊరూరా చెప్పింది. స్వరాజ్యం అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి సంఘంలో పని చేసేవాడు. తర్వాత ఆయన కూడా పేరున్న దళనాయకుడు అయ్యాడు.

పిల్లకు పదీ పదకొండేళ్లప్పుడు ఒక పుస్తకం చేతికొచ్చింది. పేరు అమ్మ. రష్యా దేశపు గోర్కీ రాసిన నవల. ఫ్యాక్టరీ కూలి తల్లి కథ అది. ఆ తల్లి మొదట అన్నిటికీ భయపడుతుంది. కొడుకు వెంట తిరిగే మనుషులను చూసి భయం తగ్గించుకుంటుంది. నలభై దాటిన వయసులో అక్షరాలు దిద్దుకుంటుంది. చివరకు కొడుకు చేసే పని తనే ఎత్తుకుంటుంది. ఈ పుస్తకం తనను మార్చిందని స్వరాజ్యం పెద్దయినంక పదే పదే చెప్పింది.

సంఘం పిలుపు వచ్చినప్పుడు పదకొండేళ్ల ఆ పిల్ల ఒక పని చేసింది. తమ ఇంటి బియ్యం తీసి వెట్టివాళ్లకు పంచింది. ఈ కులం ఆ కులం అని చూడలేదు. ఇంటి మగ పెద్దలు కోపం చేశారు. తల్లి చొక్కమ్మ మాత్రం బిడ్డ పక్కన నిలబడింది.

ఇది చిన్న పని అనిపిస్తుంది. గాని ఆలోచిస్తే అంత చిన్నది కాదు. ఆకలే వెట్టికి తాడు. పొద్దున గడికి పోకుంటే రాత్రి పొయ్యి వెలగదు. కూలి ఇవ్వందే పని చేయమని మొండికేసిన మనిషికి నాలుగు రోజులు తిండి ఎవరు పెడతరు? ఆ నాలుగు రోజులు గడిస్తేనే దొర దిగొస్తడు. పోరు నడవాలంటే ముందు గింజలు కావాలె. ఈ లెక్క స్వరాజ్యానికి తుపాకి పట్టక ముందే తెలిసింది.

దళం అంటే ఏమిటి?

మొదట దళాలు లేవు. సంఘం వాళ్ల చేతిలో గుత్పలు ఉండేవి. గుత్ప అంటే లావు కర్ర. ఆడవాళ్ల దగ్గర రోకళ్లు, కారప్పొడి. పిల్లల దగ్గర వడిసెలలు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే సంఘం వాళ్లు కర్రలతోనే నిలబడి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చారు.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు తుపాకి పేల్చారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పటినుంచి పోరు రంగు మారింది. నిజాం పోలీసులు వచ్చారు. కాశీం రజ్వీ రజాకార్లు వచ్చారు. రజాకార్లంటే నిజాం రాజ్యం నిలబెడతామని ఆయుధాలు పట్టి ఊర్ల మీద పడిన దండు. ఇండ్లు తగలబెట్టారు. మనుషులను చంపారు. ఆడవాళ్లను చెరిచారు. కర్రకూ తుపాకికీ పొత్తు కుదరదు. అందుకే దళాలు పుట్టాయి.

దళాలు రెండు తీర్లు. ఒకటి ఊరి దళం. వీళ్లు పగలు పొలం పని చేసుకుంటరు. రాత్రి ఊరికి కాపలా కాస్తరు. రెండోది గెరిల్లా దళం. వీళ్లకు ఇల్లు లేదు. తుపాకి భుజాన వేసుకొని తిరుగుడే పని. ఊరి దళాల్లో పదివేల మంది దాకా, గెరిల్లా దళాల్లో రెండు వేల దాకా ఉన్నారని ఆ పోరాటాన్ని నడిపిన పుచ్చలపల్లి సుందరయ్య రాశాడు.

తుపాకులన్నా మంచివి కావు. చాలా వరకు భర్మార్లు. భర్మార్ అంటే గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే పాత నాటు తుపాకి. ఒకసారి పేల్చినంక మళ్లీ మందు కూరేసరికి అవతలివాడు పదిసార్లు పేలుస్తడు. మంచి తుపాకి కావాలంటే శత్రువు చేతిలోంచి గుంజుకోవాలె.

ఇట్లాంటి ఆయుధాలతో ఎదురుబొదురు నిలబడి గెలవలేరు. అందుకని దళం పద్ధతి వేరు. శత్రువు ఎక్కువ మంది ఉంటే తప్పుకోవాలె. తక్కువ మంది ఉండి, ఒళ్లు మరిచి ఉంటే కొట్టాలె. కొట్టి వెంటనే మాయం కావాలె. దీన్నే గెరిల్లా యుద్ధం అంటరు.

మాయం కావడం అంటే గాలిలో కలిసిపోవడం కాదు. ఎవరి ఇంట్లోనో, ఎవరి చేనులోనో దాగడం. అక్కడే ఆడవాళ్ల పాత్ర వస్తుంది. మగవాళ్లు రాసిన చరిత్రల్లో ఈ సంగతి ఒకటి రెండు వాక్యాలతో దాటిపోతుంది.

సద్ది, కబురు, చీకటి బాట

దళంలో పది మంది ఉన్నారనుకుందాం. రోజుకు రెండు పూటలు. పది మందికి ఇరవై విస్తళ్లు. అడవిలో పొయ్యి పెడితే పొగ కనబడుతది. పొగ కనబడితే పోలీసులు వస్తరు. కాబట్టి అన్నం ఊర్లోనే వండాలె. ఇంట్లో నలుగురే ఉన్నరు, పద్నాలుగు మందికి ఎందుకు వండినవ్ అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలె? వండిన అన్నాన్ని ఊరు దాటించేది ఎట్ల? గడ్డి గంపలో పెట్టుకొని, చేనుకు సద్ది తీసుకపోతున్నట్టు ఎవరు పోతరు? ఆడమనిషే పోతది. ఆమె మీద అనుమానం తక్కువ. గాని దొరికితే దెబ్బలు తక్కువ కావు. అంతకు మించినవి కూడా ఉంటయి.

కబురు కూడా అంతే. పోలీసులు ఎంతమంది దిగారు, ఎక్కడ దిగారు, ఏ బాట పట్టారు. బాయి కాడ, బట్టలు ఉతికే రేవు కాడ, గడి వంటింట్లో ఈ సంగతులు ముందుగా తెలిసేది ఆడవాళ్లకే. ఆ మాట రాత్రికల్లా దళానికి చేరితే పది ప్రాణాలు మిగులుతయి.

దళనాయకుడి పనిలో తుపాకి పేల్చడం చిన్న భాగం. ఏ ఊర్లో ఏ తలుపు తట్టాలె, ఏ తలుపు తట్టొద్దు. ఎవరి ఇంట్లో నిన్ననే తిన్నం, మళ్లీ ఈరోజు పోతే వాళ్ల పిల్లలు పస్తు ఉండాలె కదా. ఎవరికి కాలు బెణికింది, ఎవరికి చలిజ్వరం. తెల్లారేలోగా ఎంత దూరం నడవగలం. ఈ లెక్కలన్నీ నాయకుడి తలలో ఉండాలె. లెక్క ఒక్కటి తప్పితే మహ్మదాపూర్ గుట్టల్లో జరిగినట్టు జరుగుతది.

ఈ లెక్కలు కొత్తవా? ఉన్న గింజలను పది మందికి సరిపెట్టడం, ఎవరి ఒంట్లో ఎట్లుందో చూడడం, మాట ఎక్కడ చెప్పాలో ఎక్కడ దాచాలో తెలుసుకోవడం ఆడవాళ్లు రోజూ చేసే పనే. స్వరాజ్యం దళాన్ని నడపగలిగిందంటే ఆశ్చర్యపడాల్సింది లేదు.

ఆమెకు ఇంకో బలం కూడా ఉండె. గొంతు. సభ పెడితే మాట్లాడేది. బతుకమ్మ ఆటలో పాడుకునే ఉయ్యాల వరుసలో పోరు మాటలు కట్టి పాడేది. చదువు రాని ఊర్లో పాటే పత్రిక. ఒక ఊర్లో పాడితే పది ఊర్లకు పోయేది.

గియాప్, దిన్

ఇదే కాలంలో చాలా దూరాన వియత్నాం అనే దేశంలో కూడా ఇట్లాంటి పోరు నడుస్తున్నది. వియత్నాం మన తూర్పు దిక్కున, సముద్రం అవతల ఉంది. వరి పండించే దేశం. దాన్ని ఫ్రాన్సు దేశం వాళ్లు ఏలేవారు. వాళ్ల మీద జనం తిరగబడ్డారు.

ఆ సైన్యాన్ని నడిపింది వో గుయెన్ గియాప్. జనరల్ గియాప్ అంటే ప్రపంచానికి తెలుసు. జనరల్ అంటే సైన్యంలో అన్నిటికన్నా పై వరుస అధికారి. ఆయన కూడా సైనిక బడిలో చదవలేదు. చరిత్ర పాఠాలు చెప్పే పంతులు. 1944 డిసెంబర్ 22న 34 మందితో దళం కట్టాడు. అందులో ముగ్గురు ఆడవాళ్లు. పదేళ్లు తిరగక ముందే ఆ దళం పెద్ద సైన్యం అయింది. 1954 మే 7న దియన్ బియన్ ఫూ అనే లోయలో ఫ్రాన్సు సైన్యాన్ని ఓడించింది. కొండల మీదికి బియ్యం, మందుగుండు ఎట్ల చేరాయి? వేల మంది మనుషులు మోశారు. సైకిళ్లకు కర్రలు కట్టి, బస్తాలు వేసి నెట్టుకుంటూ పోయారు. అక్కడా ముందు గింజల లెక్కే.

గియాప్ పేరు తెలిసినంతగా దిన్ పేరు తెలియదు. పూర్తి పేరు గుయెన్ తి దిన్. ఆడమనిషి. 1920లో బెన్ త్రే అనే చోట పుట్టింది. కొబ్బరి తోటలు, కాలువల సీమ అది. పదిమంది పిల్లల్లో ఆఖరు పిల్ల. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక బడికి పోలేకపోయింది. ఇంట్లోనే అన్న దగ్గర చదవడం నేర్చుకుంది. పెండ్లయినంక భర్తను జైల్లో పెట్టారు. ఆయన జైల్లోనే చనిపోయాడు. ఆమెను కూడా మూడేళ్లు బంధించారు. అప్పుడు ఆమెకు చంటిబిడ్డ.

ఫ్రాన్సు వాళ్లు పోయినంక దేశం రెండు ముక్కలయింది. దక్షిణం ముక్కలో అమెరికా అండతో ఇంకో సర్కారు వచ్చింది. 1960 జనవరిలో బెన్ త్రేలో జనం దాని మీద లేచారు. ఆ పని నడిపినవారిలో దిన్ ముందు వరుస. వాళ్ల దగ్గర తుపాకులు దాదాపు లేవు. కర్రతో తుపాకి బొమ్మలు చేశారు. రాత్రిపూట ఊరూరా డోళ్లు, చెక్క గంటలు ఒకేసారి మోగించారు. కావడి దివిటీలు వెలిగించారు. ఎంత పెద్ద సైన్యం వచ్చిందో అని కాపలావాళ్లు బెదిరిపోయారు.

తర్వాత సర్కారు సైన్యం వచ్చి ఊర్ల మీద పడింది. అప్పుడు దిన్ ఆడవాళ్లను కూడగట్టింది. వేల మంది ఆడవాళ్లు పిల్లలను చంకన వేసుకొని పడవల్లో పట్నం పోయి అధికారుల ముందు కూర్చున్నారు. మీ సైన్యం మా ఇండ్లు కూల్చింది, మా పంటలు తొక్కింది, మా గతేంది అని అడిగారు. వాళ్లను కాల్చలేక, పొమ్మనలేక అధికారులు తలలు పట్టుకున్నారు. ఈ ఆడవాళ్లకు పొడుగు జుట్టు సైన్యం అని పేరొచ్చింది.

1965లో దిన్‌ను దక్షిణ వియత్నాం విమోచన సైన్యానికి ఉపసేనాని చేశారు. అంటే మొత్తం సైన్యంలో రెండో వరుస. 1974లో మేజర్ జనరల్ హోదా ఇచ్చారు. ఆ దేశ సైన్యంలో జనరల్ అయిన మొదటి ఆడమనిషి ఆమె. యుద్ధం 1975లో ముగిసింది. 1987లో ఆమె దేశానికి ఉపాధ్యక్షురాళ్లలో ఒకరైంది. 1992లో చనిపోయింది.

అడవిలో రాజక్క

మళ్లీ తెలంగాణకు వద్దాం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది.

ఇక పోరు ఆపాలా, సాగించాలా? దీని మీద నాయకుల్లోనే రెండు మాటలయ్యాయి. ఆపుదాం అన్నవారిలో రావి నారాయణరెడ్డి ఒకరు. ఇప్పుడు ఆపితే పంచిన భూములు మళ్లీ దొరల చేతికి పోతయి అన్నారు మిగతావారు. ఏది సరైన మాట అని ఇప్పటికీ వాదులాడుకునేవాళ్లు ఉన్నారు. పోరు మాత్రం ఆగలేదు. గాని ఈసారి ఎదుట ఉన్నది దేశ సైన్యం. మైదానం ఊర్లలో దాగడం కష్టమయింది. దళాలు గోదావరి పక్క అడవుల్లోకి జరిగాయి.

స్వరాజ్యం రాజక్క అయింది అక్కడే. కోయగూడాల్లో, లంబాడీ తండాల్లో తిరిగింది. వాళ్ల మాట వేరు, తిండి వేరు. రెడ్ల ఇంట్లో పరదాల మధ్య పుట్టిన పిల్ల గూడెంలో వాళ్లు పెట్టింది తిని, వాళ్లు చూపిన చోట పండుకుంది. ఫారెస్టు జవాన్ల మామూళ్ల మీద, అడవి భూముల మీద అక్కడి జనంతో కలిసి కొట్లాడింది. తల మీద పదివేలు ఉన్నాయని అందరికీ తెలుసు. గంజి కూడా కరువైన గూడాల్లో పదివేల కోసం నోరు విప్పే మనుషులు ఉంటే ఆమె ఏళ్ల తరబడి అట్ల తిరగగలిగేదా?

అడవి బతుకు కథల్లో వినడానికి బాగుంటది గాని బతకడానికి కాదు. వానకు తడుస్తూ, పాములకు భయపడుతూ రాత్రంతా నడక. దళంలో ఉన్న ఒక తల్లి తన పసిబిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేయవలసి వచ్చింది. బిడ్డ ఏడిస్తే దళం అంతా దొరుకుతది. బిడ్డో, దళమో తేల్చుకోమన్నారు. ఇచ్చేసింది. ఆ బాధ ముసలితనంలో కూడా ఆమెను వదలలేదు.

ఇంటికి పొమ్మన్నారు

1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. ఉద్యమ నాయకుల లెక్క ప్రకారం మూడు వేల ఊర్లలో పోరు నడిచింది. పది లక్షల ఎకరాల భూమి పంచారు. వాళ్ల పక్కన నాలుగు వేల మంది దాకా చనిపోయారు. దళాల చేతిలో చనిపోయినవారు కూడా ఉన్నారు. పంచిన భూమిలో చాలా భాగం మళ్లీ పాతవాళ్ల చేతికే పోయింది. వెట్టి మాత్రం మళ్లీ మునుపటిలా లేవలేదు.

మగవాళ్లలో కొందరు ఎన్నికల్లో నిలబడ్డారు. ఆడవాళ్లలో ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి గెలిచింది. మిగతా ఆడవాళ్ల సంగతి? ఇంటికి పోండి, సంసారాలు చూసుకోండి అన్నారు. తుపాకి ఇచ్చినప్పుడు ఆడ, మగ అని చూడలేదు. తుపాకి తీసుకున్నంక చూశారు. ఇల్లు వదిలి పోయిన ఆడదాన్ని మళ్లీ ఇంట్లోకి రానిచ్చేదెవరు? కొందరికి పుట్టిల్లు లేదు, అత్తిల్లు లేదు. అడవిలో పదిమంది మగవాళ్లతో తిరిగిందని ఊరు వేలెత్తి చూపింది. దిన్‌కు వాళ్ల దేశం జనరల్ బిళ్ల పెట్టింది. ఇక్కడ దళాల్లో తిరిగిన ఆడవాళ్ల పేర్లు కూడా సరిగా రాసిపెట్టలేదు.

దాదాపు ముప్పై అయిదేళ్ల తర్వాత స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల బృందం ఊరూరా తిరిగింది. పోరాటంలో ఉన్న ఆడవాళ్లను వెతికి, వాళ్ల మాటల్లోనే వాళ్ల కథలు చెప్పించుకుంది. 1986లో దాన్ని పుస్తకంగా వేసింది. పేరు మనకు తెలియని మన చరిత్ర. బిడ్డను ఇచ్చేసిన తల్లి ఆ పుస్తకంలోనే తన సంగతి చెప్పింది. ఐలమ్మ మాటలు, స్వరాజ్యం మాటలు కూడా అందులో ఉన్నాయి.

స్వరాజ్యం ఇంట్లో కూర్చోలేదు. 1954లో తనతో పాటు పోరాటంలో ఉన్న మల్లు వెంకట నర్సింహారెడ్డిని పెండ్లి చేసుకుంది. కమ్యూనిస్టు పార్టీలోనే పని చేసింది. 1978లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది. 1983లో మళ్లీ గెలిచింది. ఎక్కడో దొర ముందు తల వంచుకొని నిలబడే ఊర్లలో, ఆమె పంచె కట్టిన మగవాళ్లను పేరు పెట్టి పిలిచి నిలదీసేది. సారా మీద ఆడవాళ్లు లేచినప్పుడు, అరవై ఏళ్ల వయసులో వాళ్ల వెంట నడిచింది.

2019లో ఆమె జీవితకథ పుస్తకంగా వచ్చింది. 2022 మార్చి 19న హైదరాబాద్‌లో చనిపోయింది. ఆమెకు తొంభై ఏళ్లు. పాడె కట్టి కాల్చలేదు, పూడ్చలేదు. డాక్టరు చదువు చదివే పిల్లలు చూసి నేర్చుకోవడానికి ఆమె దేహాన్ని నల్లగొండ సర్కారు మెడికల్ కాలేజీకి ఇచ్చారు.